బొగ్గు ఒడిసినా గని ఎందుకు మూతపడదు?

క్లుప్తంగా

ఉత్తర తెలంగాణలో పాత ఓపెన్‌కాస్టులు, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే బొగ్గు గనులు, ఒక్కొక్కటిగా చివరి దశకు వస్తున్నాయి. బొగ్గు తీయడం ఆగిన రోజుకీ, నిబంధనల ప్రకారం గని మూతపడిన రోజుకీ మధ్య ఏళ్లకు ఏళ్లు గడుస్తున్నాయి. ఈ ఆలస్యానికి అసలు కారణం గనిని తవ్విన వరుసలో ఉంది. మొదటి ఏళ్లలో బయట పోసిన మట్టిని చివర్లో వెనక్కి తెచ్చేంత డబ్బు ఏ ఖాతాలోనూ ఉండదు. అందుకే భూమి పునరుద్ధరణ ఎలా ఉంటుందన్నది బొగ్గు బాగా వస్తున్న రోజుల్లోనే చాలావరకు తేలిపోతుంది.

గోదావరిఖని నుంచి మంథని పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న కొత్తవాళ్లు సెంటినరీ కాలనీ వచ్చేలోపు ఒక్కసారైనా అడుగుతారు, ఇవేం గుట్టలని. పైన బల్లపరుపుగా, పక్కలు మెట్లు మెట్లుగా కోసినట్టు ఉంటాయి. బొగ్గు పొర మీద ఉన్న మట్టినీ రాయినీ తవ్వి పోసిన కుప్పలవి. కార్మికుల భాషలో ఓబీ గుట్టలు. కొన్నింటి మీద చెట్లు కమ్ముకుని ఉంటాయి. కొన్ని ఏళ్ల తరబడి బోసిగానే కనిపిస్తాయి. వాటి వెనక ఎక్కడో, రోడ్డు మీది నుంచి కనపడని చోట, గోతి ఉంటుంది. గని ఆయుష్షు తీరాక ఈ గుట్టా ఆ గోతీ ఏం కావాలన్నదే భూమి పునరుద్ధరణ ప్రశ్న.

సింగరేణి ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్త కాదు గానీ, దాని బరువు ఇప్పుడు పెరిగింది. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో బయటపడింది, 1889లో తవ్వకం మొదలైంది. ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్లకు పైగా అంతా భూగర్భ గనులే. 1970ల మధ్యలో రామగుండంలో ఓపెన్‌కాస్ట్ పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఉత్పత్తిలో పదింట తొమ్మిది వంతుల దాకా ఓపెన్‌కాస్టులదే. 2023-24లో సింగరేణి కంపెనీ ఉత్పత్తి 70 మిలియన్ టన్నులు దాటింది. ఓపెన్‌కాస్టుకు సాధారణంగా రెండు మూడు దశాబ్దాల ఆయుష్షు ఉంటుంది. మొదటి తరం గనులకు, రెండో తరంలో కొన్నింటికి ఆ గడువు తీరింది, తీరబోతోంది.

“అయిపోయింది” అంటే ఏం అయిపోయినట్టు?

బొగ్గు అయిపోయిందనే మాట వినడానికి సూటిగా ఉంటుంది. లెక్కలో మాత్రం అది మూడు రకాలు. తవ్వేందుకు అనుమతి ఉన్న హద్దులోపల బొగ్గు అయిపోవచ్చు. బొగ్గు ఉన్నా టన్ను తీసే ఖర్చు అమ్మే ధరను దాటిపోవచ్చు. లేదా ఒక పద్ధతిలో తీయగలిగింది తీసేశాక, ఇంకో పద్ధతిలో తీయదగింది మిగిలి ఉండవచ్చు.

మూడో రకం ఇక్కడ చాలా ముఖ్యం. భూగర్భ గనుల్లో పైకప్పు కూలకుండా బొగ్గునే స్తంభాలుగా వదిలి తవ్వుతారు. తర్వాత ఆ స్తంభాల్లో కొన్నింటిని తీసినా, చాలా బొగ్గు లోపలే ఉండిపోతుంది. అందుకే బాయి (భూగర్భ గని) మూసిన చోటే కొన్నేళ్లకు ఓపెన్‌కాస్ట్ తెరుచుకుంటుంది. గోదావరిఖనిలో జీడీకే 5 ఇంక్లైన్ అనే భూగర్భ గని ఓపెన్‌కాస్టుగా మారింది ఇలాగే. కార్మికులు తరాల తరబడి దిగి ఎక్కిన సొరంగాలు షావెల్ పళ్లకు తగిలి బయటపడతాయి. గాలి తగిలిన పాత స్తంభాలు తమంతట తామే వేడెక్కి పొగ రావడమూ ఇలాంటి గనుల్లో ఉండే సమస్యే.

బొగ్గు మరికొంత దక్కుతుంది, నిజమే. పునరుద్ధరణ వైపు నుంచి చూస్తే అయితే మూత గడువు మళ్లీ వెనక్కి పోతుంది. పాత గని మీద పెట్టాల్సిన ఖర్చు కొత్త ప్రాజెక్టు ప్రణాళికలో కలిసిపోతుంది. పక్క పక్క గనులను ఒకే ప్రాజెక్టుగా కలిపినప్పుడు, ఉన్న గనికి విస్తరణ అనుమతి తెచ్చినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. పదేళ్ల కింద పూర్తి కావాల్సిన గుట్ట పని ఇంకో పదేళ్ల ప్రణాళికలో భాగమవుతుంది. ఇందులో ప్రతి అడుగూ నిబంధనల ప్రకారమే ఉండవచ్చు. గుట్ట కింద చేను ఉన్న రైతుకు మాత్రం కనిపించేది ఒక్కటే: మూత ఎప్పుడూ ఇంకా అయిదారేళ్ల దూరంలోనే ఉంటుంది.

ఈ సాగతీతను పెంచే కారణం ఇంకొకటి ఉంది. 2015 తర్వాత బొగ్గు బ్లాకులు ఎక్కువగా వేలం దారిలో పోతున్నాయి. శ్రావణపల్లి, సత్తుపల్లి, కోయగూడెం బ్లాకులను వేలంలో పెట్టకుండా నేరుగా సింగరేణికే ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వాలూ కార్మిక సంఘాలూ ఏళ్లుగా అడుగుతున్నాయి. ఒడిశాలో 2015లో కేటాయించిన నైనీ బ్లాకులో తవ్వకం 2025 ఏప్రిల్‌లో గానీ మొదలు కాలేదు. కొత్త బొగ్గు ఇంత ఆలస్యంగా చేతికి వస్తే, పాత గనిలో చివరి టన్ను దాకా లాగాలనే ఒత్తిడి పెరుగుతుంది. చివరి టన్ను దాకా లాగే గనిలో మూత పనులకు తీరిక దొరకదు.

గోతి ఎందుకు మిగులుతుంది?

చాలామంది అనుకునేది, బొగ్గు తీశారు కాబట్టి ఆ మేరకు గొయ్యి మిగిలిందని. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది.

సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో టన్ను బొగ్గు తీయడానికి సగటున ఆరు క్యూబిక్ మీటర్లకు పైగా మట్టి, రాయి తీయాల్సి వస్తుంది. ఆరే అనుకుందాం. టన్ను బొగ్గు భూమిలో ఆక్రమించేది క్యూబిక్ మీటరులో మూడింట రెండు వంతులు మాత్రమే. అంటే టన్ను బొగ్గు తీస్తే ఏర్పడే ఖాళీ సుమారు 6.67 క్యూబిక్ మీటర్లు. మరి తీసిన ఆరు క్యూబిక్ మీటర్ల రాయి? పేల్చి తవ్వితే రాయి ఉబ్బుతుంది. ముక్కల మధ్య సందులు వస్తాయి. కొన్నేళ్లకు కుదురుకున్నాక కూడా మొదటికన్నా పది పదిహేను శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆరుకు పదిహేను శాతం కలిపితే 6.9. ఖాళీ కన్నా ఎక్కువే! కాబట్టి మట్టి చాలక గోతి మిగులుతోందనే మాట నిలబడదు. మట్టి ఉంది, కానీ ఉండాల్సిన చోట లేదు.

ఎందుకు లేదంటే, గని తెరిచిన మొదటి ఏళ్లలో మట్టి పోయడానికి లోపల చోటే ఉండదు. బొగ్గు పొర దాకా దిగి, అడుగు తేలి, వెనక కాస్త జాగా ఏర్పడేదాకా వచ్చిన మట్టంతా బయటే పోయాలి. గోదావరి లోయలో బొగ్గు పొరలు బల్లపరుపుగా ఉండవు, ఏటవాలుగా లోపలికి దిగుతాయి. అలాంటి చోట లోపల పోసిన మట్టి వాలు మీద జారే ప్రమాదం ఉంటుంది, పని జరుగుతున్న మెట్లకు (బెంచీలకు) దూరం పాటించాలి. లోపలి డంపు ఆలస్యంగా మొదలవుతుంది, నెమ్మదిగా పెరుగుతుంది. తవ్వకం ముందుకు జరిగేకొద్దీ వెనక భాగం పూడుతూ వస్తుంది. చివరి కోత దగ్గర ఆగిపోయినప్పుడు ఆ చివరి భాగం పూడ్చడానికి కొత్త మట్టి రాదు. ఎందుకంటే ముందు తవ్వేది ఇక లేదు. ఆ గోతికి సరిపడా మట్టి ఎక్కడుందంటే, ఇరవై ఏళ్ల కింద బయట పోసిన మొదటి గుట్టలో ఉంది.

ఆ గుట్టను ఎత్తి తిరిగి గోతిలో పోస్తే? ఉదాహరణకు 100 హెక్టార్ల గోతి, 100 మీటర్ల లోతు అనుకుంటే 10 కోట్ల క్యూబిక్ మీటర్ల ఖాళీ. పెద్ద డంపరు ఒక్క ట్రిప్పులో 50 క్యూబిక్ మీటర్లు మోస్తే 20 లక్షల ట్రిప్పులు. క్యూబిక్ మీటరుకు 100 రూపాయలే అనుకున్నా 1,000 కోట్ల రూపాయలు. ఆ పని జరుగుతున్నన్ని రోజులూ గని నుంచి ఒక్క టన్ను బొగ్గు కూడా రాదు. ఏ యాజమాన్యమైనా, ప్రభుత్వరంగమైనా ప్రైవేటైనా, తనంతట తాను ఆ పనికి పూనుకోదు.

మట్టి ఎక్కడ పోయాలనే నిర్ణయం పైస్థాయి ప్రణాళికలో ఉన్నా, రోజువారీ ఒత్తిడి ఇంకోవైపు లాగుతుంది. ఓబీ పని ఎక్కువగా కాంట్రాక్టు సంస్థలు చేస్తాయి. రేటును నిర్ణయించేవి లీడు, లిఫ్టు. అంటే మట్టిని ఎంత దూరం, ఎంత ఎత్తుకు మోయాలన్నది. దగ్గర్లో పోస్తే డీజిలు మిగులుతుంది, రోజుకు ఎక్కువ ట్రిప్పులు పడతాయి. ఈ నెల లక్ష్యం చేరాలంటే దగ్గరి డంపే నయం. ఇరవై ఏళ్ల తర్వాతి గోతికి ఆ దగ్గరి డంపే శాపం. వానాకాలంలో క్వారీ అడుగున నీళ్లు నిండి, హాల్ రోడ్లు బురదై డంపర్లు ఆగిపోయిన రోజుల్లో ఈ లాగుడు ఇంకా ఎక్కువ. తెలంగాణ ఉద్యమ కాలంలో ఓపెన్‌కాస్టుల మీద “బొందలగడ్డ” (గోతుల నేల, శ్మశానం) అనే మాట పడింది. అందులో కోపం ఉన్నా, సాంకేతికంగా అది చెప్పిన విషయం సరైనదే: తవ్వే వరుస మారకపోతే మిగిలేది బొందే.

డిపాజిట్ డబ్బు దేనికి?

గని మూతకు ముందే డబ్బు పక్కన పెట్టించే ఏర్పాటు 2009 ఆగస్టులో వచ్చింది. కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ మార్గదర్శకాల ప్రకారం ప్రతి గనికీ మూత ప్రణాళిక ఉండాలి. కంపెనీ, బ్యాంకు, కోల్ కంట్రోలర్ (కేంద్రం తరఫున బొగ్గు గనులను చూసే అధికారి) ముగ్గురూ కలిసిన ఎస్క్రో ఖాతాలో, అంటే షరతులు తీరితేనే డబ్బు బయటికి వచ్చే ఖాతాలో, ఏటా సొమ్ము జమ చేయాలి. అప్పటి ధరల్లో ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష. తర్వాత వాటిని 9 లక్షలకూ లక్షన్నరకూ పెంచారు. ఈ నిబంధనలను 2013లో, 2020లో, మళ్లీ 2025 జనవరిలో సవరించారు. నాలుగు సార్లు రాయాల్సి వచ్చిందంటేనే పని అనుకున్నంత తేలిగ్గా సాగడం లేదని అర్థమవుతుంది.

ఇక్కడ పాఠకులు తరచూ తికమకపడే విషయం ఒకటుంది. ఎస్క్రోలో కోట్లు ఉన్నాయి కదా, ఎందుకు పూడ్చరు అని. పై ఉదాహరణనే తీసుకుందాం. గోతి 100 హెక్టార్లయినా, గుట్టలూ రోడ్లూ కలిపి ప్రాజెక్టు మొత్తం 1,000 హెక్టార్లు అనుకుంటే, హెక్టారుకు 9 లక్షల చొప్పున మూల ధరల్లో 90 కోట్లు. గోతి పూడ్చడానికి 1,000 కోట్లు. రెండింటికీ పొంతనే లేదు. ఆ ఖాతాలోని డబ్బు గుట్టల వాలు సరిచేయడానికి, కాలువలకు, మొక్కలకు, కంచెలకు, పాత భవనాలు తీసేయడానికి, మూసిన తర్వాత కొన్నేళ్ల పరిశీలనకు సరిపోయే సొమ్ము. గోతి పూడ్చడం తవ్వకంలో భాగంగానే జరిగిపోవాలన్నది ఆ లెక్క వెనకున్న ఊహ. ఆ ఊహ నిజం కాని చోట డబ్బు చాలదు.

పాత గనులకు ఇంకో చిక్కు. 2009కి ముందే తెరిచినవాటికి మిగిలిన ఆయుష్షు మీద మాత్రమే వాయిదాలు వేశారు. ఆయుష్షు పదేళ్లే మిగిలిన గనికి ఏటా కట్టాల్సింది ఎక్కువ, చేయాల్సిన పాత పనీ ఎక్కువే. మధ్యమధ్య చేసిన పనులకు గాను ఖాతాలో ఉన్నదానిలో కొంత భాగం వెనక్కి తీసుకునే వీలు ఆ మార్గదర్శకాల్లో ఉంది. చేసిన పనిని సీఎంపీడీఐ, నీరి, ధన్‌బాద్ ఐఎస్ఎం వంటి సాంకేతిక సంస్థలు తనిఖీ చేయాలి. పద్ధతిగా జరిగితే ఇది మంచి ఏర్పాటే, పని చేసినవాడికే డబ్బు వస్తుంది. అయితే పని వాయిదా పడినా గనికి పెద్దగా నొప్పి తెలియదు. డబ్బు ఖాతాలో ఉంటుంది, వడ్డీ వస్తుంది, బొగ్గు వస్తూనే ఉంటుంది.

గుట్ట మీద చెట్టు

పునరుద్ధరణ అంటే పత్రికల్లో ఎక్కువగా కనిపించేది మొక్కలు నాటే ఫొటో. నాటడం సులువు, బతికించడం కష్టం. ఓబీ అంటే ప్రధానంగా ఇసుకరాయి, షేలు ముక్కలు. వాటిలో సేంద్రియ పదార్థం ఉండదు, నత్రజని దాదాపు సున్నా. నీళ్లు నిలవవు. మే నెలలో రామగుండంలో నలభై అయిదు డిగ్రీలు దాటే ఎండలో ఆ రాతి వాలు మీద చెయ్యి పెట్టలేం. అక్కడ ఏడాది మొక్క బతకాలంటే కింద కొంచెమైనా మంచి మన్ను ఉండాలి.

ఆ మన్ను నిజానికి ఉండేది. గని తెరవడానికి ముందు పొలాల మీద జానెడు నుంచి మూరెడు దాకా ఉన్న పైమట్టిని విడిగా తీసి, విడిగా దాచి, గుట్ట చివరి రూపానికి వచ్చాక పైన పరచాలన్నది పర్యావరణ అనుమతుల్లో ఉండే షరతు. పైమట్టిని ఏళ్ల తరబడి ఎత్తుగా కుప్పేస్తే దానిలోని జీవం చచ్చిపోతుంది. తీసిన మన్ను వెంటనే ఇంకోచోట పరిచేలా పని సాగాలి. షరతులు గట్టిగా లేని రోజుల్లో తెరిచిన గనుల్లో పైమట్టి అడుగున పడి, పైన రాయి పడింది. ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా ఆ మన్ను దొరకదు. వేరే చోట నుంచి తెస్తే అక్కడ ఇంకో గొయ్యి.

జూన్‌లో మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు మొక్కలు లేని గుట్ట కింద నిలబడి చూస్తే సమస్య మొత్తం కళ్ల ముందు ఉంటుంది. వాలు మీద వేళ్లు పెట్టి గీరినట్టు నిలువు చారలు. కొన్ని మోకాలి లోతు. గుట్ట కాలి దగ్గర కట్టిన రాతి గోడ వెనక ఒండ్రు నిండిపోయి, గోడ మీది నుంచి పొర్లిన చోట నల్లరేగడి చేను మీద బూడిదరంగు ఇసుక పొర పరుచుకుని ఉంటుంది. అది ఎండితే పెచ్చులా లేస్తుంది, దాని కింద పత్తి విత్తనం మొలకెత్తదు. రైతు మళ్లీ దున్ని, మళ్లీ విత్తుకోవాలి. గుట్ట చుట్టూ తవ్వే కాలువలు, ఒండ్రు దిగే కుంటలు ఇందుకే. వాటిలో పూడిక ఏటా తీయకపోతే ఉన్నా లేనట్టే.

2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఈ కోణంలో గమనించదగ్గది. తవ్వకం ముగిసిన చోట గడ్డి పెంచాలనే షరతును అనుమతుల్లో చేర్చాలని కేంద్రాన్ని ఆదేశించింది. చెట్టు కంటికి కనిపిస్తుంది గానీ, మన్నును ముందు పట్టి ఉంచేది గడ్డి వేరే. త్వరగా పచ్చగా కనిపించాలని సుబాబుల్ లాంటి ఒకే జాతితో నింపితే, అయిదేళ్లకు అడవిలా కనిపించినా కింద గడ్డి పరక ఉండదు, వాన నీరు మన్నును కోస్తూనే ఉంటుంది. మొక్కల లెక్క కన్నా మూడేళ్ల తర్వాత బతికినవాటి లెక్క, వాటి కింద నేల పచ్చబడిందా లేదా అన్న లెక్క ముఖ్యం.

ఒకే గనికి ఎన్నో మూతలు

కోల్ కంట్రోలర్ దృష్టిలో గని మూయడం వేరు, గనుల భద్రత డైరెక్టరేట్ దృష్టిలో వేరు. పర్యావరణ శాఖకు అనుమతి షరతుల మీద ఆరు నెలలకోసారి నివేదిక కావాలి. కాలుష్య నియంత్రణ మండలి తన సమ్మతి పత్రం చూస్తుంది. అటవీ భూమి ఉంటే, చెట్లు పెరిగిన నేలను అటవీశాఖ వెనక్కి తీసుకోవాలి. ఉత్తర తెలంగాణ గనుల్లో చాలావాటి కింద అడవే ఉంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. వీళ్లలో ఒక్కరు ఒప్పుకోకపోయినా ఫైలు ముందుకు కదలదు. దేశం మొత్తం మీద పద్ధతి ప్రకారం తుది మూత ధ్రువపత్రం పొందిన బొగ్గు గనులు చాలా తక్కువ. 2009కి ముందు వదిలేసిన గనులైతే వందల్లో ఉన్నాయి.

చివరి ఏళ్లలో జారిపోయేది

ముగింపుకు వచ్చిన గనిలో ఖర్చు ఎలా మారుతుందో చూస్తే మూత పనులు ఎందుకు వెనకబడతాయో తెలుస్తుంది. లోతు పెరుగుతుంది, మట్టి మోసే దూరం పెరుగుతుంది, నీళ్లు తోడే పంపుల కరెంటు బిల్లు పెరుగుతుంది. వచ్చే బొగ్గు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే గుట్టల వాలు సరిచేసే డోజర్లు, మట్టి పరిచే డంపర్లు కావాలి. అదే సమయంలో కొత్త గనికి యంత్రాలు కావాలి. మంచి యంత్రం ఎప్పుడూ బొగ్గు ఉన్న చోటికే పోతుంది. అనుభవమున్న ఓవర్‌మెన్ (గని పని చూసే సూపర్‌వైజర్లు), సర్వేయర్లు బదిలీ అవుతారు. ఏ గుట్ట కింద ఏముందో, ఏ మూల ఎప్పుడు పోశారో తెలిసినవాళ్లు వాళ్లే. కాంట్రాక్టు ముగిసిన సంస్థ క్యాంపు ఎత్తేస్తుంది. మిగిలేది వాచ్‌మన్, పంపు ఆపరేటర్, ఒక ఫైలు.

అమెరికాలో 1977 నాటి చట్టం ఈ బలహీనతను ముందే ఊహించింది. తవ్వకానికి ముందే కంపెనీ బాండు పెట్టాలి. గోతి పూడ్చి, నేలను దాదాపు పూర్వపు వాలుకు తెస్తేనే అందులో 60 శాతం విడుదలవుతుంది. మొక్కలు నిలదొక్కుకున్నాయని చూపించే బాధ్యత వాన బాగా పడే చోట అయిదేళ్లు, తక్కువ పడే చోట పదేళ్లు. మన దగ్గర మూత తర్వాతి పరిశీలన మూడేళ్లు. ఆ చట్టానికీ కంతలున్నాయి. పెద్ద కంపెనీలను సొంత పూచీ మీద వదిలేసిన రాష్ట్రాల్లో 2015, 2016ల్లో అవి వరుసగా దివాలా తీసినప్పుడు పునరుద్ధరణ ఖర్చు ఎవరు భరిస్తారని ప్రభుత్వాలు టెన్షన్ పడ్డాయి. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది కాబట్టి పారిపోయే భయం లేదు. కానీ ఆ భద్రత వల్లే తొందర కూడా తక్కువ. బాకీ చివరికి ప్రజల డబ్బు మీదే పడుతుంది.

భూగర్భ గనులకు జర్మనీ పోలిక పనికొస్తుంది. రూర్ ప్రాంతంలో చివరి రాతిబొగ్గు గని 2018 డిసెంబరులో మూతపడింది. అయినా పాత సొరంగాల్లో నీరు పైకి రాకుండా పంపులు నడుస్తూనే ఉండాలి. ఆ శాశ్వత ఖర్చు కోసమే 2007లో ఒక ఫౌండేషన్ పెట్టారు. మన దగ్గర కూడా పక్కపక్కనే ఉన్న బాయిల్లో ఒకదాంట్లో పంపు ఆపితే నీరు ఇంకోదాని మీద ఒత్తిడి పెడుతుంది. బాయి మూసినా పంపు మూయలేని పరిస్థితి వస్తుంది. దీనికి విడిగా శాశ్వత నిధి అనే ఆలోచన మన మార్గదర్శకాల్లో ఇంకా గట్టిగా రాలేదు.

గోతిని వాడుకోవడం

పూడ్చలేని గోతిని వాడుకోవడం ఇప్పుడు ముందుకొస్తున్న దారి. రామగుండం దగ్గర మేడిపల్లి ఓపెన్‌కాస్టులో బొగ్గు అయిపోయాక, ఆ క్వారీలో 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ విద్యుత్ కేంద్రం పెట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. ఇల్లందులో 100 మెగావాట్లది ఇంకోటి. పగలు సోలార్ కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు కింది గోతిలోని నీటిని పైన జలాశయానికి ఎక్కిస్తారు. సాయంత్రం గిరాకీ పెరిగినప్పుడు కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. తవ్వి ఉన్న లోతు, చేరిన నీరు, పక్కనే విద్యుత్ లైన్లు, కంపెనీ చేతిలోనే భూమి. ఇవన్నీ కలిసొచ్చే అంశాలు.

జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. రోజూ నీటిమట్టం ఎక్కుతూ దిగుతూ ఉంటే క్వారీ గోడలు, లోపలి డంపు వాలు నాని కూలే అవకాశం పెరుగుతుంది. వదులు మట్టి మీద జలాశయం కట్టాలంటే అది పూర్తిగా కుదురుకోవాలి. ఇంకా ముఖ్యంగా, ఒక గోతికి ఉపయోగం దొరికిందని చుట్టూ ఉన్న వందల హెక్టార్ల గుట్టల పని పూర్తయినట్టు కాదు. ప్రతి గోతికీ ఇలాంటి ఉపయోగం దొరకదు కూడా. మిగతాచోట్ల నీటి కుంటగా వదిలినా, నిట్టనిలువు గోడలను వాలుగా మలిచి, దిగడానికి ఒక సురక్షితమైన వైపు చేసి, కంచె వేయాలి. ఎండాకాలం పశువులు, పిల్లలు నీళ్లున్న చోటికే పోతారు.

ఊళ్ల మీద పడేది

బెల్లంపల్లి ఒకప్పుడు గనుల పట్నం. ఇప్పుడు బెల్లంపల్లి ఏరియా జీఎం ఆఫీసు కూడా గోలేటిలో ఉంది. గనులు జరిగిన దిక్కుకే ఆఫీసు జరిగింది. పర్మినెంటు కార్మికుడికి బదిలీ దొరుకుతుంది, జీతం ఆగదు. ఓబీ కాంట్రాక్టులో డంపరు నడిపేవాడికి, క్యాంపుకు కూరగాయలు అమ్మేవాళ్లకు, కాలనీ గేటు ముందు చాయ్ బండికి బదిలీ ఉండదు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న భూపాలపల్లి ఇప్పుడు బొగ్గు, చెల్పూరులోని 1,100 మెగావాట్ల థర్మల్ కేంద్రం చుట్టూ నడుస్తోంది. బెల్లంపల్లి చూసిన రోజులు భూపాలపల్లి దగ్గరి కాకతీయ ఖని గనుల ఊళ్లకూ వస్తాయి.

పునరుద్ధరణ సరిగ్గా జరిగితే ఈ ఊళ్లకు అది పని కూడా. గుట్టల కాలువలు పూడిక తీయడం, గడ్డి నాటడం, మూడేళ్లు నీళ్లు పెట్టడం, అంతా మనుషుల చేతి పని. గని మూశాక ఉండిపోయే ఊరి మనుషులకు దగ్గరగా ఉన్న పని.

అయితే ఆ ఊళ్లకు మాట్లాడే చోటు ఎక్కడుంది? కొత్త గనికి, విస్తరణకు పర్యావరణ అనుమతి ఇచ్చేముందు సాధారణంగా బహిరంగ విచారణ జరుగుతుంది, నివేదిక సారాంశం తెలుగులో ఇస్తారు. గని మూసేటప్పుడు పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ కింద అలాంటి విచారణ లేదు. మూతలో స్థానికులను కలుపుకోవాలని బొగ్గు మంత్రిత్వ శాఖ 2025 జులైలో రిక్లెయిమ్ పేరుతో ఒక విధివిధానాల పుస్తకం తెచ్చింది. అది ఊళ్లలో ఎలా అమలవుతుందో చూడాలి. అప్పటిదాకా పాత గుట్ట గురించి అడగగలిగేది విస్తరణ విచారణ రోజు ఒక్కటే. ఆ రోజు ఎక్కువ మంది ఉద్యోగం, పరిహారం గురించి మాట్లాడతారు, అది న్యాయమే. వాటితో పాటు మైకు ముందు అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి: ఇప్పటిదాకా తీసిన మట్టిలో ఎంత లోపల పోశారు, ఎంత బయట ఉంది, చివరి గోతి లోతెంత, దాన్ని ఏం చేస్తారు, తీసిన పైమట్టి ఇప్పుడు ఎక్కడుంది, ఎస్క్రోలో ఎంత జమైంది, అందులో ఎంత వెనక్కి తీసుకున్నారు. అధికారులు ఇచ్చే జవాబులు మినిట్స్‌లో నమోదవుతాయి. పదేళ్ల తర్వాత గుట్ట కింద చేను మీద బూడిదరంగు ఇసుక పడినప్పుడు ఊరి చేతిలో ఉండే కాగితం అదే.